వెనకాల మాక్సిన్

నాలుగింటికల్లా వచ్చెయ్యవే ఆర్డిస్, బండి వెనక్కి పెట్టుకోవడానికి నువ్వేం కంగారుపడకు, వెనకాల నేను నిలబడతాలే, అంది మాక్సిన్ పొద్దున ఫోన్లో. కాఫీ పెడతాలే అన్నంత తేలిగ్గా అంది. నేనూ అంతే తేలిగ్గా సరేలే అన్నాను, నా నోరు పడిపోనూ, అనేసి ఫోను పెట్టేసి బండిలోని స్నానాల గదిలో, గదేముంది నా మొహం, బీరువాలో సగం ఉంటుంది, అందులో తలుపేసుకుని అరగంట కూర్చున్నాను. ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు. ఇంకా నలభై అయిదు మైళ్ళు. పడమటి ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది, పక్కనుంచి ఎడారి గాలి తోస్తుంటే ముప్ఫై రెండు అడుగుల ఈ ఆర్‌వీ, చక్రాల మీద ఇల్లు, ఊగుతోంది, వెనక సొరుగుల్లో చెంచాలు గలగలమంటున్నాయి. అరవై ఎనిమిదేళ్ళదాన్ని, మొన్నమొన్నటిదాకా ఈ తోలే సీట్లో ఒక్కసారైనా కూర్చోనిదాన్ని, నెబ్రాస్కా నుంచి అరిజోనా దాకా నాలుగు రోజులుగా ఒక్కదాన్నే తోలుకుంటూ వచ్చాను. ఎవరిని చూడటానికయ్యా అంటే, తొమ్మిదేళ్ళ కిందట ఇదే బండికీ ఒక సిమెంటు బల్లకీ మధ్య కాలు నలిగిపోయిన మనిషిని చూడటానికి. ఆవిడే ఇప్పుడు ఇదే బండి వెనకాల నిలబడతానంటోంది.

అబ్బ, ఈ లారీ ఒకటి. ఎడమ పక్కనుంచి వస్తున్నప్పుడు ముందు బండిని తన వైపు లాక్కుంటుంది, దాటిపోయాక అవతలికి తోస్తుంది, ఆ లాగడానికీ తోయడానికీ మధ్య ఊపిరి బిగబట్టుకోవాలి. బెర్నీస్ చెప్పింది, లారీని చూడకు, నీ గీత నువ్వు చూసుకో అని. మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషి ఆవిడ. చర్చి ముందు ఖాళీ స్థలంలో సబ్బు డబ్బాలు వరసగా పెట్టి నాకు వెనక్కి పెట్టడం నేర్పింది. మొదటి రోజు పదకొండు డబ్బాలు తొక్కాను. నవ్వింది బెర్నీస్, పోనీలెద్దూ డబ్బాలే కదా అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను, దిగి వెళ్ళి ఆ చితికిన డబ్బాలన్నీ ఏరి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను, ఎందుకు తెచ్చుకున్నానో ఆవిడకి చెప్పలేదు. నిన్న న్యూమెక్సికోలో ఒక లారీవాడు అదేపనిగా హారన్ కొట్టి కిందికి వేలు చూపించాడు. ఎవరినో ఈడ్చుకొస్తున్నాననే అనుకున్నాను, దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. తీరా దిగి చూస్తే తలుపు కింది మెట్టు లోపలికి తొయ్యడం మరిచిపోయాను, అంతే. మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను. బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలని వెండెల్ ఎన్ని వేలసార్లు అన్నాడు. ఆయన తిరిగేవాడు, నేను కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగేదాన్ని.

మేం నలుగురం. నేను, మా ఆయన వెండెల్, మాక్సిన్, వాళ్ళాయన గ్లెన్. ఏటా మొదటి మంచు పడీపడగానే రెండు బళ్ళు ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి బయలుదేరేవి, అలా పంతొమ్మిది చలికాలాలు. మాక్సిన్ బీన్స్ వండితే మొక్కజొన్న రొట్టె నాది. పేకాటలో మాక్సిన్ దొంగాట ఆడేది, పట్టుకుంటే నాకు కళ్ళజోడు లేదు కదే అనేది, కళ్ళజోడు నెత్తి మీదే ఉండేది. మొగుళ్ళిద్దరూ బళ్ళ కింద దూరి గంటలు గంటలు ఏం చేసేవారో దేవుడికే తెలియాలి. మా లోకంలో ఒక పద్ధతి ఉంది, మొగుడు తోలతాడు, పెళ్ళాం వెనకాల నిలబడి దారి చూపిస్తుంది. వెనకాల ఏముందో తోలేవాడికి కనపడదు కాబట్టి ఆవిడ ఎడమ అద్దంలో పడేలా నిలబడాలి. చేతులు ఊపితే రమ్మని, పక్కకి చాపితే బండి తోక అటు తిప్పమని, గుప్పిట బిగించి తలపైకి ఎత్తితే ఆగమని. అద్దంలో పెళ్ళాం కనపడకపోతే ఆగిపోవాలి. కనపడుతూ ఉండి చేయి ఎత్తకపోతే రావచ్చు. ఎన్ని సంసారాలు ఆ వెనక్కి పెట్టడం దగ్గర కేకలేసుకున్నాయో, ఎంతమంది ఆడవాళ్ళు నువ్వూ నీ బండీ అని చీపురు విసిరేసి వెళ్ళిపోయారో. మేం మాత్రం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. వెండెల్ అనేవాడు, నా వీపుకి రెండు కళ్ళున్నాయి, వాటి పేరు ఆర్డిస్ అని. నలుగురిలో అనేవాడు. నాకు సిగ్గేసేది, బాగుండేది కూడా.

ముప్ఫై ఎనిమిది మైళ్ళు. నెమ్మదిగా వెళ్తున్నాను కాబోలు, ఎవడో వెనకనుంచి లైట్లు కొడుతున్నాడు, కొట్టుకోనీ. ఆ రోజు కూడా ఇలాగే ఎండ. టెక్సస్‌లో సముద్రం పక్కన, ఇలాంటి బళ్ళకి స్థలాలు అద్దెకిచ్చే పార్కులో, సాయంత్రం అయిదు. ఆ ఏడు మాత్రం మాక్సిన్ వాళ్ళు మాకంటే ఒకరోజు ముందే వచ్చి పక్క స్థలంలో ఉన్నారు. వెండెల్ వెనక్కి వస్తున్నాడు, నేను ఎడమ మూల నిలబడి చేతులు ఊపుతున్నాను, రా, రా, రా. మా స్థలంలో సిమెంటు బల్ల ఒకటి, దాని ముందు కర్ర బెంచీ. మాక్సిన్‌కి ఊరుకోవడం చేతకాదు, ఎవరి పనైనా తన పనే, బెంచీ అడ్డమొస్తుందే అంటూ వచ్చి వంగి దాన్ని లాగుతోంది. కుడి మూల అది. వెండెల్‌కి కనపడదు. నాకు కనపడుతుంది, అందుకే నన్ను అక్కడ నిలబెట్టింది. చెయ్యి ఎత్తితే చాలు. ఆ క్షణానే ఎదురు స్థలంలోకి కొత్త బండి ఒకటి వచ్చింది. నలభై అడుగులది, గోధుమరంగుది, ఒంటిమీద ధూళి కూడా పడలేదు, ఆగాక గోడలు మూడు వైపులా బయటికి జరిగి లోపల గది పెద్దదయ్యే రకం. లోపల సోఫా కనపడుతోంది. తెల్ల సోఫా. నేను ఆ సోఫా వంక చూశాను. మనకెప్పటికి వస్తుంది ఇలాంటిది అనుకున్నాను, తెల్లటిది ఎలా ఉతుకుతారో అని కూడా అనుకున్నాను. అన్నీ కలిపి మూడు సెకన్లు ఉంటుందేమో. చేతులు ఊపడం మానేశాను గానీ గుప్పిట ఎత్తలేదు. అద్దంలో నేను ఉన్నాను, నిలబడే ఉన్నాను, నా మీద నమ్మకంతో వెండెల్ వస్తూనే ఉన్నాడు. తర్వాత మాక్సిన్ గొంతు. అది అరుపు కూడా కాదు, ఓ అంది, అంతే. ఏదో మరిచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకున్నట్టు ఓ అంది.

ఆసుపత్రి వరండాలో గ్లెన్ వచ్చి అడిగాడు, ఎలా జరిగింది అని. వెండెల్ నోరు తెరవబోయాడు. ఆయన ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ముందే అనేశాను, నేను చేయి ఎత్తాను గ్లెన్, ఈయన చూసుకోలేదు అని. ఎవరు అనిపించారు నా చేత? ఎవరూ లేరు. నా నోటితో నేనే అన్నాను. వెండెల్ నా వంక తిరిగి చూశాడు, కోపంగా కాదు, కొత్త మనిషిని చూసినట్టు, పేరేమిటో గుర్తు రానట్టు. తర్వాత గ్లెన్‌తో అన్నాడు, అవును, చూసుకోలేదు అని. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన నా కోసం ఎన్నో చేశాడు, ఇలాంటిది మాత్రం చేయొద్దని గట్టిగా అరవాల్సింది నేను. అరవలేదు. మాక్సిన్ కాలికి నాలుగు ఆపరేషన్లు చేశారు, లోపల ఇనప కడ్డీ వేశారు, మోకాలు ఇక వంగదన్నారు. ఆ మనిషి ఉన్న ఇంటి గడప తొక్కను, ఆ ఇంటికి ఫోను కూడా చేయను అందట మాక్సిన్. వెండెల్ బంపరు ఒక పూటంతా కడిగాడు. ఆ తర్వాత దక్షిణానికి వెళ్ళలేదు మేం, ఏడు చలికాలాలు మంచులోనే కూర్చున్నాం, బండి కొట్టంలో కూర్చుంది. దాని గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. చెప్పాలనుకున్నాను, ఆఖరి వారంలో ఆయన మంచం పక్కన కూర్చుని వెండెల్, ఆ రోజు అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే, కిటికీ వేసెయ్ ఆర్డీ, చలేస్తోంది అన్నాడు. కిటికీ వేసే ఉంది.

వెండెల్ అంత్యక్రియలకి మాక్సిన్ రాలేదు. వస్తుందని తలుపు వైపు చూస్తూనే ఉన్నాను, వస్తే ఏం చేయాలో తెలియక భయపడుతూనే చూశాను. రెండేళ్ళు పోయాక, ఈ నవంబరులో, ఫోను. గొంతు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఏమే బతికున్నావా, అంది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. తర్వాత అంది, ఆ మనిషి పోయాడు, నా కోపమూ ఎక్కడికో పోయింది, ఇంకా ఎన్నాళ్ళుంటాం ఆర్డిస్, బండి తీసుకుని వచ్చెయ్, మా పక్క స్థలం నీకోసం పట్టి ఉంచుతా, నీ తప్పేముంది ఇందులో, నువ్వు చేయి ఎత్తావు కదా. ఆ ఆఖరి మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాకు మిగిలింది ఈవిడ ఒక్కతే. ఊళ్ళో ఉన్నవాళ్ళు పలకరిస్తారు, సూపు తెచ్చిపెడతారు, కానీ నన్ను ఏమే అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. నోరు మూసుకుంటే ఆవిడ నాకు ఉంటుంది. పక్కపక్కన కుర్చీలు వేసుకుంటాం, దొంగాట ఆడుతుంది, పోయినవాణ్ణి అప్పుడప్పుడు తిడుతుంది, నేను తలూపుతూ ఉండాలి. చెబితే పోతుంది. చెప్పకపోతే రోజూ ఆ కాలు చూస్తూ తలూపాలి. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడుతున్నానో నాలుగు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను.

పది మైళ్ళు. బోర్డు వచ్చేసింది అప్పుడే. మలుపు తీసుకోకుండా ఇలాగే పోతే? ఎవరడుగుతారు? కాలిఫోర్నియా ఉంది, సముద్రం ఉంది, దారి తప్పాను అని ఫోను చేయొచ్చు, ముసలిదాన్ని, తప్పానంటే నమ్ముతారు. బండిలో నీళ్ళున్నాయి, గ్యాసుంది, వారానికి సరిపడా సూపు డబ్బాలున్నాయి. ఇంజను వేడెక్కింది అని చెప్పొచ్చు. అబద్ధాలకి కొదవేముంది నా దగ్గర. చెమట పట్టి చేతులు జారుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి పావడాకి తుడుచుకున్నాను. మలుపు దగ్గరికొచ్చింది, ఇండికేటర్ వెయ్యలేదు నేను, ఇంకా వెయ్యలేదు, వెయ్యనేమో అనుకున్నాను, వెనకాల ఎవడో హారన్ కొట్టాడు, వేసేశాను. ధైర్యం కాదది. హారన్‌కి భయపడి వేశాను.

నాలుగుకి పది నిమిషాలు. కంకర దారి, రెండు వైపులా బళ్ళు, ప్రతి బండి ముందూ కుర్చీలు. కొత్తగా వచ్చినవాళ్ళు బండి వెనక్కి పెడుతుంటే చూడటం ఇక్కడివాళ్ళకి సాయంత్రపు కాలక్షేపం, మేమూ చూసేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. గ్లెన్‌ని ముందు చూశాను, చిక్కిపోయాడు, ప్యాంటు వేలాడుతోంది, టోపీ తీసి ఊపుతున్నాడు. మాక్సిన్ కుర్చీలోంచి లేచింది. లేవడం అంటే, ముందు కర్ర, తర్వాత మంచి కాలు, తర్వాత ఆ కాలు, మొత్తం ఒక చెక్కలా, పక్కనుంచి తిప్పుకుంటూ. ఫొటోల్లో ఎవరూ నాకు చూపించలేదు ఇది. జుట్టు తెల్లగా కత్తిరించుకుంది, పెదాలకి ఎర్ర రంగు వేసుకుంది, నాకోసమే వేసుకుంది, ఆ మనిషి నాకోసం రంగు వేసుకుంది దేవుడా.

"దిగకే, దిగకు!" అని అరిచింది. "ముందు బండి పెట్టు, కావిలించుకోవడాలన్నీ తర్వాత. వీళ్ళందరూ నిన్ను చూడటానికే కూర్చున్నారు, పరువు తియ్యకు!"

కుంటుకుంటూ వెనక్కి వెళ్ళింది. ఎడమ అద్దంలోకి వచ్చింది. కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఊపింది, రా, రా. గేరు వెనక్కి వేశాను, బండి కీచుకీచుమంది. అద్దంలో ఆవిడ నవ్వుతోంది, పళ్ళు కూడా కనిపిస్తున్నాయి. బ్రేకు మీద నుంచి కాలు తియ్యాలి. బెర్నీస్ డబ్బాల మధ్య వందసార్లు తీశాను. ఇప్పుడు రావడం లేదు. కాలు తీస్తే ఈ బండి ఆవిడ మీదికి వెళ్తుంది, నా మాట నమ్మి అక్కడ నిలబడింది ఆవిడ, నా మాట! గేరు తీసేశాను. ఇంజను ఆపేశాను. దిగి, బండి పట్టుకుని పట్టుకుని వెనక్కి నడిచాను.

"ఏమైందే? తేలు గానీ కనపడిందా?"

"మాక్సిన్, ఆ రోజు నేను చేయి ఎత్తలేదు."

"ఏ రోజు?"

"ఆ రోజే. ఎత్తలేదు. వెండెల్ చూస్తూనే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. నేను నిన్ను చూడలేదు. ఎదురు స్థలంలోకి కొత్త బండి వస్తే దాన్ని చూస్తున్నాను."

నవ్వు ఉన్నపళంగా పోలేదు, మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి.

"బండిని చూస్తున్నావా?"

"అందులో సోఫాని. తెల్లది."

"సోఫాని," అంది మాక్సిన్. కర్ర చంకలోంచి తీసి నేల మీద ఆనించింది. "వెండెల్‌కి తెలుసా?"

"తెలుసు. ఆయన తెలిసే ఊరుకున్నాడు. నేనే ముందు అబద్ధమాడాను, ఆయన దాన్ని నిజం చేశాడు. నన్ను కొట్టు, తిట్టు, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతా."

కుర్చీల్లో వాళ్ళు నవ్వడం మానేశారు. "ఏడు ఉత్తరాలు రాశాడే నాకు," అంది మాక్సిన్.

"ఎవరు?"

"ఎవరేంటే, నీ మొగుడు. ఏటా క్రిస్మస్‌కి ఒకటి. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఎప్పుడు రాశాడో, తపాలా పెట్టెలో ఎప్పుడు వేశాడో.

"ఏడిట్లోనూ అవే మాటలు. తప్పు నాది మాక్సిన్, ఆర్డిస్ చేయి ఎత్తింది, నేను చూసుకోలేదు, దాంతో మాత్రం మాట్లాడటం మానకు. ఇదే. ఒక్కదానికి జవాబు రాయలేదు నేను. ఆయన పోయాడని గ్లెన్ వచ్చి చెబితే ఏమన్నానో తెలుసా? పోతే పోయాడులే అన్నాను. అన్నం తింటూ అన్నాను."

"మాక్సిన్..."

"నోర్ముయ్." గొంతు పెద్దది చేయలేదు. "ఎక్కడ పెట్టావు ఆయన్ని?"

"మా ఊళ్ళోనే. వాళ్ళమ్మ పక్కన."

"ఎన్ని మైళ్ళు?"

"పన్నెండు వందల పైమాటే. అక్కడ ఇప్పుడు మోకాళ్ళ లోతు మంచు."

"నేను మంచు గురించి అడిగానా?" మొగుడి వైపు తిరిగింది. "గ్లెన్! నా మందుల సంచీ పట్రా. నల్ల కోటు కూడా."

"ఎక్కడికే ఇప్పుడు?" అన్నాడు గ్లెన్. "బీన్స్ పొయ్యి మీదున్నాయి."

"నువ్వు తిను," అంది మాక్సిన్.

తలుపు మెట్టు దగ్గరికి వచ్చింది. ఒంటికాలి మీద ఎక్కాలి, వంగని కాలు వెనకనుంచి లాక్కోవాలి. చేయి అందించాను, తోసేసింది. రెండోసారీ తోసేసింది. చెమటలు కక్కుతూ ఎక్కి, సీట్ల వీపులు పట్టుకుంటూ వెళ్ళి, పంతొమ్మిది చలికాలాలు నేను కూర్చున్న కుడి సీట్లో కూర్చుని, కాలు ముందుకి చాపుకుని, బెల్టు పెట్టుకుంది. గ్లెన్ కిటికీలోంచి సంచీ, కోటు అందించాడు, నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను ఎక్కి తాళం పట్టుకున్నాను. నాలుగు రోజుల దారి, పక్కనే ఈ మనిషి, ఆ కాలు, ముందు కొండలు, మంచు. నాకు ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"మాక్సిన్, మంచులో నేనెప్పుడూ తోలలేదు," అన్నాను.

"తోలు," అంది, ముందు అద్దంలోంచి రోడ్డు వంకే చూస్తూ. "ముందు ఆయనకి చెప్పాల్సింది చెప్పుకోవాలి నేను. నీ సంగతి దారిలో చూస్తా."